ఔషధ పుట్టగొడుగుల సప్లిమెంట్లు: పెద్ద వయసులో రోగనిరోధక శక్తి

కొన్ని జాతుల పుట్టగొడుగులను ఎండబెట్టి పొడి చేసి గానీ, వేడినీళ్లలోనో ఆల్కహాల్‌లోనో సారం తీసి గానీ క్యాప్సూళ్లుగా, చుక్కలుగా, కాఫీ పొడిగా అమ్మే ఉత్పత్తులను ఔషధ పుట్టగొడుగుల సప్లిమెంట్లు అంటారు. రీషీ, షీటాకే, మైటాకే, టర్కీ టెయిల్, లయన్స్ మేన్, కార్డిసెప్స్, చాగా వీటిలో ఎక్కువగా వినిపించే పేర్లు. పేరుకు ముందు ఔషధం అని ఉన్నా, సప్లిమెంట్‌గా అమ్మినంతవరకు మన చట్టం దృష్టిలో ఇవి మందులు కావు, ఆహారం. అరవై దాటాక సన్నగిల్లే రోగనిరోధక శక్తిని ఇవి నిలబెడతాయని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాటకు ప్రయోగశాలలో గట్టి ఆధారమే ఉంది. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో కొద్దిపాటి ఆధారం ఉంది. సీసా మీద రాసుకున్నంత ఆధారం మాత్రం ఎక్కడా లేదు.

సైబరాబాద్‌లో వాడుక

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఎక్కువ. ఆ రోజుల్లో పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాళ్లు ఇప్పుడు యాభై దాటారు. వాళ్ల అమ్మానాన్నలు డెబ్బైల్లో, ఎనభైల్లో ఉన్నారు. గుంటూరు నుంచో ఖమ్మం నుంచో కరీంనగర్ నుంచో వచ్చి కొండాపూర్, మణికొండ, మియాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో పిల్లల దగ్గర స్థిరపడిన ఈ తరమే ఇక్కడ పుట్టగొడుగుల మాత్రలు మింగేది. కొనేది మాత్రం చాలావరకు వాళ్లు కాదు. అమెరికాలో ఉన్న కూతురు సెలవులకు వస్తూ సూట్‌కేసులో మల్టీవిటమిన్ల పక్కన ఒక సీసా తెస్తుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే కొడుకు ఫోన్‌లో ఆర్డర్ పెడతాడు. ఆన్‌లైన్ వ్యాపారానికి ఈ ప్రాంతంతో ఉన్న బంధం చిన్నది కాదు. అమెజాన్ సంస్థ ప్రపంచంలోకెల్లా తన అతిపెద్ద కార్యాలయ భవనాన్ని 2019లో తెరిచింది నానక్‌రామ్‌గూడలోనే.

మూడో దారి చేతి నుంచి చేతికి వచ్చేది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఆంటీయో, రిటైరైన బ్యాంకు ఉద్యోగో గానోడెర్మా కాఫీ ప్యాకెట్లు పరిచయం చేస్తారు. గానోడెర్మా అంటే రీషీ శాస్త్రీయ నామంలోని మొదటి ముక్క. 1993లో మలేసియాలో మొదలైన డీఎక్స్‌ఎన్ సంస్థ ఈ పుట్టగొడుగునే పునాది చేసుకుని ప్రత్యక్ష విక్రయ జాలాన్ని దేశదేశాలకు విస్తరించింది. తెలంగాణలో సిద్దిపేట దగ్గర దానికి కర్మాగారం కూడా ఉంది. ప్రత్యక్ష విక్రయం చట్టవిరుద్ధం కాదు. సరుకు అమ్మకం మీద కాక, కొత్త సభ్యులను చేర్చడం మీద నడిచే పిరమిడ్ పథకాలను మాత్రం 2021 డిసెంబరులో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాలు నిషేధించాయి. 2019లో సైబరాబాద్ పోలీసులు రకరకాల గొలుసుకట్టు వ్యాపారాల మీద వరుసగా కేసులు పెట్టినప్పుడు బాధితుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కూడా ఉన్నారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బంధువో స్నేహితుడో తెచ్చిచ్చిన మాత్రను డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన చాలామంది పెద్దలకు రాదు. రాసిచ్చిన మందుల చీటీలో దానికి చోటు లేదు కదా.

కోవిడ్ కాలం ఈ వాడుకకు పెద్ద ఊతం. 2020, 2021ల్లో తిప్పతీగ కషాయం కాగని ఇల్లు అరుదు. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం బారులు తీరారు. ‘ఇమ్యూనిటీ’ అన్న మాట పల్లెల్లో సైతం తెలుగు మాట అయిపోయింది. అల్లం, మిరియాలు, పసుపు వాడి చూసినవాళ్లకు జపాన్ పుట్టగొడుగు తర్వాతి మెట్టులా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

వయసుతో మారేదేమిటి

ముసలితనంలో రోగనిరోధక వ్యవస్థ బలహీనపడుతుందని అందరికీ తెలుసు. అది సగం నిజం. రొమ్ము ఎముక వెనక, గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథి యవ్వనం నుంచే కుంచించుకుపోతూ వస్తుంది. అరవైలు వచ్చేసరికి అందులో చాలా భాగం కొవ్వే. కొత్త శత్రువును గుర్తుపట్టగల టీ కణాలు తయారయ్యేది అక్కడే కాబట్టి, మునుపెన్నడూ చూడని వైరస్ వచ్చినప్పుడు పెద్దవాళ్ల శరీరం తడబడుతుంది. టీకా వేసినా కుర్రవాళ్లంత ప్రతిస్పందన రాదు. దీన్ని ఇమ్యునోసెనెసెన్స్ అంటారు. వార్ధక్యాన్ని రోగనిరోధక వ్యవస్థ కోణంలో చూడాలని అమెరికా శాస్త్రవేత్త రాయ్ వాల్ఫర్డ్ 1969లోనే ఒక పుస్తకం రాశాడు.

మిగతా సగం 2000లో ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాంచెస్కీ బృందం పేరు పెట్టిన ఇన్‌ఫ్లమేజింగ్. పైకి జబ్బేమీ లేకపోయినా ఒంట్లో సన్నని మంట నిరంతరం రాజుకుంటూ ఉండటం. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ వంటి వాపు సంకేతాలు నెత్తుటిలో కొద్దికొద్దిగా ఎక్కువగా ఉంటాయి. మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, నిద్రలేమి, చిగుళ్ల జబ్బు దాన్ని ఎగదోస్తాయి. పాతబడ్డ నల్లా ఎలా ఉంటుందో పెద్ద వయసు రోగనిరోధక వ్యవస్థ అలా ఉంటుంది. కట్టేసినా బొట్లు కారుతూనే ఉంటుంది, తిప్పితే మాత్రం ధార సన్నగా వస్తుంది. అలాంటి నల్లాకు కావాల్సింది మరింత ఒత్తిడి కాదు. ‘బూస్టర్’ అనే ప్రచారం మొదటి అడుగులోనే తప్పుతున్నది ఇక్కడే.

ఈ వైరుధ్యాన్ని చూపించిన ప్రయోగం ఒకటుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందుల కుటుంబానికి చెందిన ఎవరోలిమస్‌ను చాలా తక్కువ మోతాదులో 65 ఏళ్లు దాటినవాళ్లకు ఇస్తే, ఫ్లూ టీకాకు వాళ్ల ప్రతిస్పందన సుమారు 20 శాతం మెరుగైందని 2014లో తేలింది. అణచే మందు ఆ కొద్ది మోతాదులో సాయపడింది. అదే దారిలో తయారైన మరో మందు 2019లో పెద్ద ఎత్తున జరిగిన మూడో దశ పరీక్షలో విఫలమైంది. కోట్ల డాలర్ల ఔషధ పరిశోధనకే లొంగని సమస్య ఇది.

బీటా గ్లూకాన్ల కథ

పుట్టగొడుగు కణం చుట్టూ ఉండే గోడ ప్రధానంగా కైటిన్‌తోనూ, బీటా గ్లూకాన్లు అనే చక్కెర గొలుసులతోనూ తయారవుతుంది. బీటా గ్లూకాన్లను అరిగించుకునే ఎంజైములు మనిషికి లేవు. అవి పేగుల దాకా చెక్కుచెదరకుండా వెళ్లి, అక్కడ కాపలా ఉండే రోగనిరోధక కణాలకు ఎదురవుతాయి. మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాల పైన డెక్టిన్-1 అనే గ్రాహకం బీటా గ్లూకాన్‌ను పట్టుకుంటుందని 2001లో గోర్డన్ బ్రౌన్, సయమన్ గోర్డన్ నిరూపించారు. ఈ గ్రాహకం మనకెందుకుంది? మందు పుట్టగొడుగులను ఆస్వాదించడానికి కాదు. ఒంట్లోకి చొరబడే హానికర శిలీంధ్రాలను పసిగట్టడానికి. రీషీ సారం తాగినప్పుడు కణాలు చురుకవుతున్నాయంటే, శత్రువు వాసన తగిలిందని అవి అప్రమత్తమవుతున్నాయన్నమాట.

ఈ అప్రమత్తత కొంతకాలం నిలుస్తుందని నెదర్లాండ్స్‌కు చెందిన మిహాయ్ నెటియా బృందం చూపించింది. బీసీజీ టీకా గానీ బీటా గ్లూకాన్ గానీ తగిలిన కణాలు ఆ తర్వాత వేరే సూక్ష్మజీవి వచ్చినా వేగంగా స్పందిస్తాయి. దీన్నే శిక్షణ పొందిన రోగనిరోధక శక్తి అంటున్నారు. అయితే ప్రయోగశాలలో వాడే గ్లూకాన్ శుద్ధి చేసిన పదార్థం, అది కణాలకు నేరుగా తగులుతుంది. నోటి ద్వారా మింగిన పొడిలోంచి ఎంత భాగం, ఏ రూపంలో ఆ కణాల దాకా చేరుతుందన్నది వేరే లెక్క.

సహజ గ్రాహకాలను తట్టి లేపడం హైదరాబాద్‌కు కొత్త విద్య కాదు. జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌లో కలిపిన ఉత్తేజకం టీఎల్‌ఆర్-7, 8 అనే గ్రాహకాలను తడుతుంది. కానీ అక్కడ తట్టడం తెలిసిన మోతాదులో, గుర్తుపెట్టుకోవాల్సిన వైరస్‌తో జతగా, ఒకటి రెండుసార్లు జరుగుతుంది. ఏ వైరస్‌నూ చూపించకుండా రోజూ పొద్దున్నే కణాలను లేపితే పెద్దవాళ్లకు ఏమవుతుందన్న ప్రశ్నకు పుట్టగొడుగుల వ్యాపారం సమాధానం వెతకలేదు.

రీషీలో గ్లూకాన్లతో పాటు ట్రైటెర్పీన్లు అనే చేదు పదార్థాలుంటాయి. ఆల్కహాల్‌తో సారం తీస్తేనే అవి బాగా దిగుతాయి. అసలైన రీషీ పొడి నాలుక మీద వేసుకుంటే చేదుగా ఉండటానికి కారణం అదే.

మనుషుల మీద పరీక్షలు

ఈ రంగంలో బరువైన ఆధారమంతా జపాన్ కేన్సర్ ఆసుపత్రుల నుంచి వచ్చింది. షీటాకే నుంచి లెంటినాన్‌ను వేరుచేసిన పరిశోధనను గోరో చిహారా బృందం 1969లో ప్రకటించింది. జపాన్ ప్రభుత్వం 1977లో టర్కీ టెయిల్ నుంచి తీసిన క్రెస్టిన్‌కు, 1985లో లెంటినాన్‌కు కేన్సర్ చికిత్సలో సహాయక మందులుగా అనుమతి ఇచ్చింది. జీర్ణాశయ కేన్సర్ శస్త్రచికిత్స తర్వాత కీమోథెరపీతో పాటు క్రెస్టిన్ ఇచ్చిన ఎనిమిది పరీక్షలను, మొత్తం 8,009 మంది రోగులను కలిపి 2007లో లెక్కగట్టినప్పుడు మరణ ప్రమాదం సుమారు 12 శాతం తగ్గినట్టు తేలింది. ఇది కొట్టిపారేయదగ్గ ఫలితం కాదు. సీసాలమ్మేవాళ్లు చూపించే ఘనత చాలావరకు ఇక్కడిదే. కాకపోతే ఆ రోగులు కీమోథెరపీలో ఉన్నారు. క్రెస్టిన్ శుద్ధిచేసి ప్రమాణీకరించిన మందు. లెంటినాన్ అయితే నోటితో మింగేది కూడా కాదు, సూదిమందు. ఆ ఫలితాన్ని తెచ్చి ఆరోగ్యంగా ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి కాఫీ పొడి అమ్మడానికి వాడుకోవడం న్యాయం కాదు.

రీషీ సంగతి ఇంకా బలహీనం. కేన్సర్‌లో రీషీ వాడకంపై కొక్రేన్ సంస్థ 2012లో చేసిన సమీక్షకు దొరికిన అర్హమైన పరీక్షలు ఐదే, రోగులు 373 మంది. కొన్ని రోగనిరోధక సూచికలు మెరుగుపడ్డాయి గానీ, ప్రధాన చికిత్సగా వాడటానికి ఆధారం చాలదని సమీక్షకులు తేల్చారు. గుండెజబ్బు ముప్పు ఉన్న మధుమేహుల మీద జరిగిన పరీక్షలను 2015లో సమీక్షించినప్పుడూ ప్రయోజనం కనిపించలేదు.

ఇక కేన్సర్ లేని మామూలు మనుషుల విషయం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 21 నుంచి 41 ఏళ్ల మధ్య వయసున్న 52 మందికి నాలుగు వారాల పాటు రోజూ 5 లేదా 10 గ్రాముల ఎండు షీటాకే తినిపించారు. 2015లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం కొన్ని టీ కణాల చురుకుదనం పెరిగింది, లాలాజలంలో ఐజీఏ ప్రతిరక్షకాలు పెరిగాయి, వాపును సూచించే సీఆర్‌పీ తగ్గింది. శక్తి పెరగడం, మంట తగ్గడం ఒకేసారి జరిగాయి కాబట్టి ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ అందులో పాల్గొన్నవాళ్లలో ఒక్కరూ వృద్ధులు కారు. పైగా అది మాత్ర కాదు, వంట పుట్టగొడుగు. 500 మిల్లీగ్రాముల పొడి నింపిన క్యాప్సూళ్లతో ఆ మోతాదు అందుకోవాలంటే రోజుకు పది నుంచి ఇరవై మింగాలి. డబ్బా మీద రాసే సలహా సాధారణంగా ఒకటి రెండు.

పెద్దవాళ్ల మీదే నేరుగా చేసిన పరీక్షలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నార్వే పరిశోధకులు 42 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులకు షీటాకే తంతువుల నుంచి తీసిన గ్లూకాన్‌ను రోజుకు 2.5 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు ఇచ్చి 2011లో ఫలితాలు ప్రకటించారు. రక్తంలో బీ కణాల సంఖ్య పెరిగింది, హాని కనిపించలేదు. అంతే. వాళ్లకు జలుబులు తగ్గాయా, న్యూమోనియా తగ్గిందా, ఆసుపత్రి మెట్లెక్కడం తగ్గిందా అన్నది కొలవలేదు. నిజానికి పెద్దవాళ్లకూ వాళ్ల పిల్లలకూ కావాల్సిన లెక్క అదే. ఎన్‌కే అనే రోగనిరోధక కణాలు ఇంత శాతం పెరిగాయన్న సమాచారంతో ఎవరి దగ్గూ తగ్గదు.

లయన్స్ మేన్‌ను రోగనిరోధక శక్తికి కన్నా జ్ఞాపకశక్తి పేరుతోనే ఎక్కువగా అమ్ముతారు. 2009లో జపాన్‌లో మతిమరుపు తొలిదశలో ఉన్న 50 నుంచి 80 ఏళ్ల ముప్పై మంది మీద చేసిన పరీక్షలో పదహారు వారాలు వాడినవాళ్ల మార్కులు పెరిగాయి, ఆపిన నెలలో మళ్లీ దిగాయి. చిన్న పరీక్ష, చిన్న ఫలితం.

పోల్చి చూసుకోవడానికి ఒక కొలబద్ద కావాలంటే టీకాలున్నాయి. సర్పి రాకుండా 2023లో భారతదేశంలోకి వచ్చిన షింగ్రిక్స్ టీకా, డెబ్బై దాటినవాళ్లలో సైతం దాదాపు 90 శాతం రక్షణ ఇస్తుందని వేలమంది మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ముసలి రోగనిరోధక వ్యవస్థ నుంచి కూడా సరైన ఉత్తేజకంతో అంత పని రాబట్టవచ్చని ఆ టీకా చూపించింది. ఫ్లూ, న్యూమోకాకస్ టీకాల సామర్థ్యం అంతకన్నా తక్కువే అయినా, ఆ సామర్థ్యం ఎంతో అంకెల్లో తెలుసు. పుట్టగొడుగుల డబ్బా కొనే ఇళ్లలో ఈ టీకాల గురించి అడిగితే, పిల్లలకు కదా టీకాలు అన్న సమాధానమే తరచుగా వినిపిస్తుంది.

కార్డిసెప్స్ చుట్టాలు

హిమాలయాల్లో గొంగళిపురుగు మీద పెరిగే కార్డిసెప్స్‌ను ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అంటారు. అడవిలో దొరికే జాతిని ఏరి ఏరి అరుదు చేసేశారు. 2020లో ఐయూసీఎన్ దాన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. హైదరాబాద్‌లో అమ్మే క్యాప్సూళ్లలో ఉండేది సాధారణంగా దాని దగ్గరి బంధువు, గదుల్లో సీసాల్లో పెంచే కార్డిసెప్స్ మిలిటారిస్. రెంటినీ ‘ఇమ్యూనిటీ’ పేరుతోనే అమ్ముతారు.

ఈ కుటుంబం ఆధునిక వైద్యానికి ఇచ్చిన గొప్ప మందులు మాత్రం అందుకు పూర్తిగా ఎదురు దిశలోవి. మూత్రపిండాల మార్పిడిని మామూలు శస్త్రచికిత్సగా మార్చిన సైక్లోస్పోరిన్, నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుంచి వచ్చింది. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా అది రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది. ఆ శిలీంధ్రం మరో జీవదశలో పురుగుల మీద పెరిగే ఒక కార్డిసెప్సేనని 1996లో అమెరికాలో కాథీ హాడ్జ్ బృందం గుర్తించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు 2010లో అమెరికాలో అనుమతి పొందిన ఫింగోలిమాడ్ మూలం కూడా కార్డిసెప్స్ బంధువే. జపాన్‌కు చెందిన టెట్సురో ఫుజిటా బృందం దాన్ని వెలికితీసింది. అదీ రోగనిరోధక కణాలను కట్టడి చేసే మందే. పురుగు శరీరంలో బతకాలంటే పురుగు రక్షణ వ్యవస్థను నిద్రపుచ్చే నేర్పు శిలీంధ్రానికి ఉండటం సహజం. అంచేత ‘పుట్టగొడుగు కాబట్టి శక్తిని పెంచుతుంది’ అన్న సూత్రం ఎక్కడా లేదు. ఏ జాతి, ఏ పదార్థం, ఎంత మోతాదు అన్నదే తేల్చాల్సిన విషయం.

ఈ సందర్భంలో తెలుగువాడొకరిని తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా నడిపిన బృందం నుంచే 1940లలో మెథోట్రెక్సేట్ వచ్చింది. ఆయన గౌరవార్థం 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. కేన్సర్ కోసం పుట్టిన మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్ర. హైదరాబాద్‌లో ఎందరో అమ్మమ్మలు, నానమ్మలు దాన్ని వేసుకుంటున్నారు. సొంత కీళ్లనే తింటున్న రోగనిరోధక కణాలను అదుపులో పెట్టడం ఆ మాత్ర పని. ఆదివారం మెథోట్రెక్సేట్‌తో అణచి, మిగతా ఆరు రోజులూ పుట్టగొడుగు మాత్రలతో రెచ్చగొట్టడం ఏం వైద్యం? ఒకే మనిషి మందుల పెట్టెలో ఆ రెండూ పక్కపక్కన ఉండటం మాత్రం అసాధ్యమేమీ కాదు.

ఎవరికి ప్రమాదం

వంటలో బాగా ఉడికించి తినే పుట్టగొడుగులతో సాధారణంగా భయం లేదు. సారాలు, పొడుల విషయంలో కొందరు జాగ్రత్తగా ఉండాలి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు, కీళ్లవాతం, లూపస్, సోరియాసిస్ వంటి స్వయం ప్రతిరక్షక జబ్బులున్నవాళ్లు వీటికి దూరంగా ఉండటమే మేలు. రీషీ రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేసే అవకాశం ఉంది కాబట్టి స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవాళ్లు, శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. షుగర్ మందులు వాడేవాళ్లలో చక్కెర మరీ పడిపోవచ్చు.

రీషీ పొడి వాడినవాళ్లలో తీవ్రమైన కాలేయ వాపు వచ్చిన ఉదంతాలు హాంగ్‌కాంగ్, థాయ్‌లాండ్‌ల నుంచి వైద్య పత్రికలకెక్కాయి. చాగాలో ఆక్సలేట్లు ఎక్కువ. జపాన్‌లో కాలేయ కేన్సర్ ఉన్న 72 ఏళ్ల మహిళ ఆరు నెలలపాటు రోజూ నాలుగైదు చెంచాల చాగా పొడి వాడి మూత్రపిండాలు పోగొట్టుకున్న సంగతి 2014లో నమోదైంది. ఇవి అరుదే. అయినా సహజమైనది కనుక హాని లేదనే ధీమాకు మనదేశంలోనే సమాధానం దొరికింది. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను తప్పుపట్టింది, వివాదం నడిచింది. వైద్యులు మాత్రం అప్పటి నుంచి కళ్లు పచ్చబడి వచ్చిన రోగిని ఏయే పొడులు వాడుతున్నారని అడగడం అలవాటు చేసుకున్నారు.

సీసాలో నిజంగా ఏముంది

అమెరికా మార్కెట్‌లో కొన్న 19 రకాల రీషీ సప్లిమెంట్లను పరీక్షించి 2017లో ప్రకటించిన ఫలితం ఈ వ్యాపారం గుట్టు విప్పింది. లేబుల్‌కు సరిపోయినవి ఐదే. మిగతావాటిలో కొన్నింటికి రీషీకి ఉండాల్సిన ట్రైటెర్పీన్లు లేవు, కొన్నింటిలో ఉన్న చక్కెర గొలుసులు గంజిపొడిని పోలి ఉన్నాయి. సూట్‌కేసులో అమెరికా నుంచి వచ్చిందన్న గౌరవం ఇవ్వడానికి ముందు ఈ అంకెను తలచుకోవాలి.

గంజి ఎక్కడి నుంచి వచ్చింది? గొడుగు ఎదిగేదాకా ఆగకుండా, బియ్యం లేదా ఓట్స్ గింజల మీద తెల్లని తంతువులు అల్లుకోగానే గింజలతో సహా ఎండబెట్టి పొడి కొట్టే పద్ధతి ఒకటుంది. చవక, త్వరగా అయిపోతుంది. అందులో బీటా గ్లూకాన్ తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. లేబుల్ మీద ‘పాలీశాకరైడ్లు 40 శాతం’ అని రాస్తే అది అబద్ధం కాదు, ఎందుకంటే గంజి కూడా పాలీశాకరైడే. బీటా గ్లూకాన్ శాతం విడిగా రాశారా, గొడుగు నుంచి చేశారా తంతువుల నుంచి చేశారా అన్న రెండు ప్రశ్నలకు డబ్బా సమాధానం చెప్పకపోతే దాన్ని తిరిగి అరలో పెట్టేయవచ్చు. బడిలో నేర్చుకున్న అయోడిన్ పరీక్ష కూడా పనికొస్తుంది. పొడి మీద చుక్క వేయగానే నల్లని నీలం రంగుకు తిరిగితే అందులో పిండి దండిగా ఉన్నట్టే.

పేరు విషయంలోనూ తికమక ఉంది. చైనాలో వేల ఏళ్లుగా లింగ్‌జీ అని పిలుస్తూ వాడుతున్న శిలీంధ్రాన్ని గానోడెర్మా లూసిడమ్ అనేవారు. ఆ పేరు నిజానికి ఐరోపా జాతిదని, తూర్పు ఆసియా జాతి వేరని తేల్చి 2012లో దానికి గానోడెర్మా లింగ్‌జీ అని పేరు పెట్టారు. లేబుళ్లు ఇప్పటికీ పాత పేరునే మోస్తున్నాయి.

చట్టం

ఇవి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిధిలోకి వస్తాయి. ఆరోగ్య సప్లిమెంట్లు, న్యూట్రాస్యూటికల్స్‌కు 2016లో చేసిన నిబంధనలు 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. లేబుల్ మీద 14 అంకెల లైసెన్స్ సంఖ్య, రోజుకు ఎంత వాడాలన్న సూచన, వైద్య వినియోగానికి కాదన్న హెచ్చరిక ఉండాలి. ఆ హెచ్చరిక ఉన్న డబ్బానే పట్టుకుని షుగర్ తగ్గుతుంది, కేన్సర్ రాదు అని ప్రకటన ఇస్తే 1954 నాటి ఔషధాలు, మంత్రసమాన చికిత్సల చట్టం కింద నేరం. ఆహార లైసెన్స్ మీద మందులు తయారుచేసేవాళ్లనూ, జబ్బులు నయం చేస్తామని లేబుళ్ల మీద రాసేవాళ్లనూ తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కొన్నేళ్లుగా తరచూ పట్టుకుంటోంది. కాని వాట్సాప్ గ్రూపులో, లిఫ్టు దగ్గర నోటిమాటగా జరిగే ప్రచారం ఏ ఇన్‌స్పెక్టరు చేతికీ చిక్కదు.

తెలుగు నేల మీద

హైటెక్ సిటీలో కాఫీగా తాగే గానోడెర్మాను కోనసీమ రైతు ముందు ప్రస్తావిస్తే మొహం మాడుతుంది. కొబ్బరిచెట్టు మొదట్లో పగుళ్ల నుంచి ఎర్రని జిగురు కారి, కింది మట్టలు వేలాడి, చివరికి చెట్టు మోడైపోయే గానోడెర్మా ఎండు తెగులుకు కారణం ఈ ప్రజాతి శిలీంధ్రాలే. జబ్బు ముదిరిన చెట్టు మొదట్లో గోధుమరంగులో గట్టి గొడుగు పుట్టుకొస్తుంది. తెగులు నేలలో వేళ్ల ద్వారా పక్క చెట్టుకు పాకుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఏళ్ల తరబడి దీనితో పోరాడుతోంది. వేపపిండితో కలిపి ట్రైకోడెర్మా అనే మరో శిలీంధ్రాన్ని చెట్టు మొదట్లో వేయమని రైతులకు చెబుతోంది. గానోడెర్మా మీదికి ఇంకో బూజును ఉసిగొల్పడమన్నమాట.

సాగు విషయానికొస్తే, దేశంలో పుట్టగొడుగుల పరిశోధనకు కేంద్రం హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్. హైదరాబాద్ వేడికి బటన్ పుట్టగొడుగు ఏసీ గది లేకుండా రాదు. పాల పుట్టగొడుగు 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది కాబట్టి చిన్న రైతులకు అదే అనువు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు వరిగడ్డి మీద చలికాలంలో బాగా వస్తుంది. ఇవేవీ ‘ఔషధ’ జాబితాలో ఉండవు. బీటా గ్లూకాన్ మాత్రం వీటిలోనూ ఉంది.

కంచంలో పుట్టగొడుగు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలో 528 పదార్థాల విశ్లేషణ ఉంది. అందులో పుట్టగొడుగులకూ ఒక విభాగం కేటాయించారు. ప్రొటీన్, పీచు, బి విటమిన్లతో పాటు పుట్టగొడుగులో ఎర్గోథయొనీన్ అనే పదార్థం ఉంటుంది. ఆహారంలో దానికి ఇంతకన్నా మంచి వనరు లేదు. మనిషి కణాలకు దాన్ని లోపలికి లాక్కునే ప్రత్యేక వాహకం ఉంది. సింగపూర్‌లో అరవై దాటిన 663 మందిని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి రెండుసార్లకు మించి పుట్టగొడుగులు తినేవాళ్లలో తేలికపాటి మతిమరుపు దాదాపు సగమే కనిపించింది. తినడం వల్లే తగ్గిందని దీనితో రుజువు కాదు. పుట్టగొడుగులు తినేవాళ్ల మిగతా తిండీ బాగుండి ఉండవచ్చు.

పుట్టగొడుగులోని ఎర్గోస్టెరాల్ ఎండ తగిలితే విటమిన్ డి2గా మారుతుంది. ముక్కలుగా కోసి మధ్యాహ్నపు ఎండలో అరగంటో గంటో ఉంచితే వంద గ్రాములకు పది మైక్రోగ్రాముల దాకా తయారవుతుంది. అద్దాల భవనాల్లో పనిచేసేవాళ్లకూ, పదిహేనో అంతస్తు దిగని వాళ్ల పెద్దలకూ డి విటమిన్ కొరతే కాబట్టి ఇది పనికొచ్చే కిటుకు.

పెద్ద వయసు రోగనిరోధక వ్యవస్థ గురించి దొరికిన మంచి ఆధారాల్లో ఒకదానికి పుట్టగొడుగులతో సంబంధం లేదు. ఏళ్ల తరబడి సైకిల్ తొక్కుతున్న 55 నుంచి 79 ఏళ్ల 125 మందిని బర్మింగ్‌హామ్ పరిశోధకులు పరీక్షించి 2018లో ఫలితం ప్రకటించారు. వాళ్ల థైమస్ కుర్రవాళ్లకు దీటుగా కొత్త టీ కణాలను తయారుచేస్తోంది. ఏ పుట్టగొడుగు మాత్ర వాడినవాళ్లలోనూ ఇంతవరకు కనిపించని ఫలితమిది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సోలార్ కప్పు కింద వేసిన సైకిల్ దారి 2023 అక్టోబరు నుంచి నానక్‌రామ్‌గూడ పక్కనే ఉంది. సైకిల్ ఎక్కలేని వయసులో కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నడక ఉంది.

వండే విషయంలో ఒక మాట. కైటిన్ గోడలు ఉడికితేనే మెత్తబడతాయి, పచ్చివి అరగవు. షీటాకేను సరిగ్గా ఉడికించకుండా తిన్న కొందరికి ఒకటి రెండు రోజుల్లో ఒంటినిండా కొరడాతో కొట్టినట్టు ఎర్రని చారలు తేలతాయి. జపాన్ వైద్యులు దీన్ని 1977లోనే వర్ణించారు. జపాన్‌లో సూదిమందుగా వాడిన లెంటినానే దానికీ కారణమని భావిస్తారు. బాగా ఉడికించిన షీటాకేతో సాధారణంగా ఆ బాధ ఉండదు.